రెండో కూత

"సునామీకి కారణాలు, ఫలితాలు రాయుము" అన్న ప్రశ్నను మా అమ్మాయి మొన్న వరండాలో అటూ ఇటూ నడుస్తూ బట్టీ పడుతోంది. మధ్యలో ఆగి, "నాన్నా, నరసరావుపేటకి సముద్రమే లేదు గదా, మనకెందుకు ఈ సునామీ?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. సునామీ మా దాకా రావాలంటే బాపట్ల దగ్గర ఒడ్డెక్కి, చిలకలూరిపేట సెంటరు దాటాలి. ఆ ట్రాఫిక్‌లో ఎంతటి అలైనా ఓపిక నశించి వెనక్కి తిరుగుతుంది. ఆ జవాబుకు మార్కులు పడవు కనుక, సముద్రం అడుగున భూమి కదిలితే నీళ్ళు ఊరుకోవని చెప్పాను. "మరి సముద్రం లేనిచోట కదిలితే?" అంది. "గిన్నెలు పడతాయి" అన్నాను. నవ్వేసి మళ్ళీ పుస్తకంలో తల దూర్చింది. ఫలితాల కింద మొదటిది ప్రాణనష్టం, రెండోది ఆస్తినష్టం. రెంటినీ ఒకే గొంతుతో, ఒకే వేగంతో చదివింది. పుస్తకం తప్పేమీ లేదు, పిల్ల తప్పు అసలే లేదు. నేను మాత్రం కుర్చీలోంచి లేవకుండానే మా పెద్దమ్మగారి ఊరు వెళ్ళిపోయాను.

దాచేపల్లి దాటాక, సిమెంటు లారీల దుమ్ముకి వేపచెట్టూ తుమ్మచెట్టూ ఒకే రంగులో కనిపించే ఊరది. అక్కడ తెల్లబట్టలు ఉతికి ఆరేయాలంటే జీవితం మీద చాలా నమ్మకం ఉండాలి. పెద్దమ్మకు ఉండేది. నేనప్పుడు నరసరావుపేటలో డిగ్రీ చదువుతూ, హాస్టల్ భోజనం నుంచి ప్రాణాలు కాపాడుకోవడానికి వీలైన ఆదివారమల్లా ఆవిడ దగ్గరికి బస్సెక్కేవాణ్ణి. పెదనాన్నది ఊరి పక్కనున్న సున్నపురాయి క్వారీలో సైరన్ కొట్టే ఉద్యోగం. మీట నొక్కడం, వదలడం. ఆ పనిని ఆయన కలెక్టరు ఉద్యోగం కంటే ఒక్క మెట్టు మాత్రమే కిందగా లెక్కవేసేవాడు. ఇస్త్రీ చొక్కా లేకుండా మీట ముట్టుకునేవాడు కాదు. "ఊరంతటికీ ముందు చెప్పి పేలుస్తావు, నాకు మాత్రం చెప్పాపెట్టకుండా చుట్టాల్ని తోలుకొస్తావు" అని పెద్దమ్మ ఎత్తిపొడిచేది. ఆ చుట్టాల్లో ఎక్కువసార్లు నేనే ఉండేవాణ్ణి గనుక, ఆ మాట వచ్చినప్పుడు నాకు పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూసే పని పడేది.

ఆ ఊళ్ళో కూతల చుట్టూ ఒక పద్ధతి ఏర్పడిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళకు క్వారీలో రోజుకొక్కసారి రాయి పేల్చేవారు. మొదటి కూత వినపడగానే ఆడవాళ్ళు గోడబల్లల మీది స్టీలు సామానంతా దించి నేలమీద పెట్టి, పసిపిల్లల్ని చంకనేసుకుని వాకిట్లోకి వచ్చేవారు. ధన్‌మని నేల ఒకసారి ఎగిరేది. క్వారీ మేస్త్రీ అంతా చూసి ఎర్రజెండా దించాక పెదనాన్న రెండో కూత వేసేవాడు. అంటే అయిపోయింది, ఇళ్ళలోకి పోవచ్చునని. అందరూ లోపలికి పోయి సామాను మళ్ళీ పైన సర్దుకునేవారు. ఈ దించడం, ఎక్కించడం చూసి, గిన్నెల్ని శాశ్వతంగా నేలమీదే ఉంచొచ్చు గదా అని ఒకసారి పెద్దమ్మకు సలహా ఇచ్చాను. "డిగ్రీలో ఇయ్యేనా చెప్పేది? గోడబల్ల బోసిగా ఉంటే అది ఇల్లు అంటార్రా?" అంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతేమిటంటే, రోజుకు ఒక్కటే పేలుడు. ఒకసారి నేల అదిరిందంటే ఆ రోజుకు ఇక దాని జోలి లేదు.

అది ఆదివారం. క్వారీకి సెలవు. నేనూ పెదనాన్నా వాకిట్లో వేపచెట్టు కింద పీటలేసుకుని గోంగూర మాంసం తింటున్నాం. పెద్దమ్మ వడ్డించి, పక్కింటి సాయిబుగారి భార్యతో గోడ దగ్గర మాట్లాడుతోంది. ఉన్నట్టుండి నేల అదిరింది. ఇంట్లో గోడబల్ల మీంచి సామాను వరసపెట్టి కిందపడింది. దించుకోలేదు కదా మరి, కూత లేదు. చుట్టుపక్కలవాళ్ళంతా మా వాకిట్లోకి వచ్చేశారు. "ఏందయ్యా ఇది, కూత లేకుండా పేల్చటమేంది? పిల్లలున్న ఇళ్ళు గావా?" అని ఒకాయన పెదనాన్న మీదికొచ్చాడు. భూకంపం అన్న మాట ఎవరి నోటా రాలేదు. డిగ్రీ చదివే నా నోటా రాలేదు. ఆ ఊళ్ళో నేల తనంతట తాను అదరడం ఎవరూ ఎరగరు. దాన్ని ఎప్పుడూ ఎవరో ఒకరు అదిరించాల్సిందే. పెదనాన్న ముఖం కందగడ్డలా అయింది. "నేను లేకుండా ఎవుడు పేల్చాడో ఇప్పుడే కనుక్కుంటా" అని ఎంగిలి చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని, మోపెడ్ ఎక్కి క్వారీకి పోయాడు. ఆయనకు ఉన్న ఆస్తల్లా ఊళ్ళో ఆ మాటే. చెప్పకుండా నేల కదలదన్న మాట.

వాకిట్లో కాసేపు క్వారీవాళ్ళను తిట్టుకున్నారు. తరువాత తిట్లు పలచబడ్డాయి. "అయిపోయిందిలే వదినా, రోజుకొకటే గదా" అంది సాయిబుగారి భార్య, పెద్దమ్మతో. అవునంది పెద్దమ్మ. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నట్టే సామాను సర్దడానికి లోపలికి వెళ్ళింది. ఆ ఇల్లు పాతది. చెక్క దూలాల మీద నాపరాళ్ళు పరిచిన మిద్దె. నడింట్లో దూలానికి చెదపట్టిందని, వచ్చే వేసవిలో మారుద్దామని చాలా వేసవుల నుంచి అనుకుంటున్నారు. లోపల్నుంచి పళ్ళేలు పేర్చే చప్పుడు, ఆవిడ గొంతూ వినిపిస్తున్నాయి. "ఒరేయ్, నువ్వు పండక్కి తెచ్చిన పళ్ళెం సొట్టపోయిందిరా. పోనీలే, పెరుగు వేసుకున్నావా..."

రెండోసారి మొదటిదానంత గట్టిగా కూడా అదరలేదు.

మేం నడింట్లో కూలిన నాపరాళ్ళు తీస్తూనే ఉన్నాం. అప్పుడు బజారు మలుపులో పెదనాన్న మోపెడ్ చప్పుడైంది. క్వారీలో వాచ్‌మన్ తప్ప పురుగు లేదట. రెండోసారి అదిరినప్పుడు ఆయన ఆ ఖాళీ గుంత మధ్యలోనే నిలబడి ఉన్నాడట. అంతకంటే రుజువేం కావాలి? పరువు దక్కిన మనిషి దూరం నుంచే ఒక చెయ్యెత్తి, "మనది గాదయ్యా! మనోళ్ళు పేల్చలా! భూకంపం!" అని సంతోషంగా అరుచుకుంటూ వచ్చాడు. జనం పక్కకు తప్పుకున్నారు. ఆయన ముందు మిద్దె వైపు చూశాడు, తరువాత మా చేతుల వైపు చూశాడు. ఎత్తిన చెయ్యి దించడం చాలాసేపు మరిచిపోయాడు.

ఆ రాత్రి టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో మా సంగతి వచ్చింది. పల్నాడులో స్వల్ప భూప్రకంపనలు. స్వల్పమన్నది నిజమే. ఊరంతటిలో ఒక్క ఇల్లు, ఆ ఇంట్లో ఒక్క గది. తరువాత అధికారులు వచ్చి, నేల అడుగున పొరలు సర్దుకున్నాయని చెప్పారు. ఊళ్ళో సగంమంది నమ్మలేదు. మనిషి చేసిన పనైతే పోయి గేటు దగ్గర కూర్చోవచ్చు, అరవొచ్చు. పొరలు సర్దుకుంటే ఎవరి గేటు దగ్గర కూర్చోవాలి? "క్వారీదేనని నువ్వొక్క మాట చెప్పన్నా, మిగతాది మేం చూసుకుంటాం" అని పెదనాన్నను బతిమాలారు. "కాందాన్ని అయిందని ఎట్టా చెప్పేది?" అన్నాడాయన.

కర్మకాండలయ్యాక ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పనిలోకి వెళ్ళాడు. తోడుగా ఉండమని అమ్మ పంపితే ఆ రోజు నేనూ ఊళ్ళోనే ఉన్నాను. వేళకు మొదటి కూత వచ్చింది. అందరం వాకిళ్ళలోకి వచ్చాం. నేల ఎగిరింది. రెండో కూత కోసం నిలబడ్డాం. రాలేదు. ఎవరింట్లోనో అన్నం మాడుతున్న వాసన వచ్చింది. ఒక కోడలు లోపలికి పోబోతే, సాయిబుగారి భార్య ఆమె చెయ్యి పట్టుకుని, "మాడనీలే అమ్మా. ఆయన కొట్టాకనే పోదాం" అంది. నీడలు గోడల మీదికి పాకాక ఎప్పటికో కూత వినపడింది. మరునాడు ఇంకా ఆలస్యమైంది.

క్వారీలో కుర్ర ఇంజినీరు మంచివాడే. "ఏంది బాబాయ్, జెండా దించి చానాసేపైంది గదా, అయిపోయింది, కొట్టు" అన్నాడట. పెదనాన్న మీట మీద చెయ్యి ఉంచుకునే, "అయిపోయిందని మీకు ఎవరు చెప్పారు సార్?" అని అడిగాడట. పొగరుగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడని ఆ ఇంజినీరే మాకు చెప్పాడు. ఆ తరువాత ఆయన్ను గేటు దగ్గర కుర్చీలోకి మార్చారు. మీట దగ్గరికి ఇంకొకరు వచ్చారు. కొత్తాయన రెండు కూతలూ వేళకు వేసేవాడు. ఆడవాళ్ళు మాత్రం రెండోది విన్నాక కూడా ఇంకాసేపు వాకిట్లోనే నిలబడేవారు.

పెదనాన్న పోయి కూడా చాలా ఏళ్ళయింది. అదంతా గడిచిపోయిన సంగతి కదా అని ఇంట్లో అంటుంటారు, నేనూ అవునంటాను. కాలం మాత్రం ఏదైనా అయిపోయిందని తనంతట తానుగా ఎవరికీ ఎప్పుడూ చెప్పినట్టు లేదు.