ఒళ్ళో పట్టుచీర, కింద ఎత్తయిన కడుపు

పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా నాకు పిల్లలు లేరు. ముట్లు ఆగిపోయి కూడా చాన్నాళ్ళయింది. అలాంటిది, ఆ ఎండాకాలంలో నా కడుపు మెల్లగా పెరగసాగింది.

మాది పెనుకొండ. ధర్మవరంలో మా అక్క వాళ్ళు నేసే పట్టుచీరలకు కొంగు చివర కుచ్చులు కట్టడం నా పని. మా ఆయన హిందూపురం మిల్లుకు వెళ్ళగానే వాకిట్లో కూర్చుని చీర ఒళ్ళో పరచుకునేదాన్ని. కొండ మీంచి గాలి వచ్చేది. పట్టు కింద కడుపు ఎత్తుగా కనిపించేది. దారాలు ముడివేస్తుంటే కళ్ళు మూతలు పడేవి. ఆ మగతలో లోపల ఎవరో పక్కకు ఒత్తిగిలినట్టు అనిపించేది. నిజం కాదని తెలుసు. అయినా కడుపు మీంచి చెయ్యి తీయబుద్ధయ్యేది కాదు.

పక్కింటామె ఒకసారి, "ఏమ్మా, ఈ వయసులో నీళ్ళోసుకున్నావా ఏంది?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నం నిద్రలో ఒక కల వచ్చింది, ఎర్రంచు చీర ఉయ్యాలగా కట్టి ఊపుతున్నాను. లోపల ఎవరున్నారో చూద్దామని వంగేలోపే మెలకువ వచ్చింది.

లంగా బొందు బిగుతైతే ఒళ్ళు వచ్చిందనుకున్నాను. పొత్తికడుపు సలిపితే కూర్చుని పనిచేయడం వల్లేమో అనుకున్నాను. గ్యాస్ మాత్రలు వేసుకుంటూ కాలం గడిపాను.

చీరలు తెచ్చుకుందామని ధర్మవరం వెళ్ళినప్పుడు అక్క సంగటి, పప్పు పెట్టింది. కొంచెం తినేసరికే కడుపు నిండిపోయింది.

"ఏమ్మే, అప్పుడే చెయ్యి కడుగుతాండావు?"

"గ్యాసక్కా. ఈ మధ్య ఇంతే."

"వచ్చినప్పటి నుంచి చూస్తాండా, మాటిమాటికీ బాత్రూముకు పోతాండావు. సుగర్ చూపిచ్చుకున్నావా?"

"చూపిచ్చుకున్నా. లేదన్నారు."

ఎందుకో ఆ కల సంగతి కూడా చెప్పేశాను. అక్క నవ్వలేదు. నా కడుపు మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది. "రేపే హిందూపురం పోదాం. నేనూ వస్తా," అంది.

హిందూపురంలో డాక్టరమ్మ తొందరపడకుండా అన్నీ అడిగింది.

"ఉబ్బరం ఎప్పుడో ఒకసారి వస్తుందా, రోజూ ఉంటుందా?"

"దినామూ ఉంటాది మేడం."

"ఈ బాధలు ఎవరికైనా వచ్చేవేనమ్మా. కానీ ఇదివరకు లేనివి కొత్తగా వచ్చి, వారాల తరబడి పోకుండా ఉంటే పరీక్ష చేయించాల్సిందే. ముట్లు ఆగిన వాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి."

స్కానింగ్ గదిలో చల్లటి జెల్ పూశారు. తెర మీద బూడిదరంగు మబ్బులు కదిలాయి. కుడివైపు అండాశయంలో గడ్డ ఉందని, చుట్టూ నీరు చేరిందని చెప్పారు. మా ఆయన ఆ మాట విని మిల్లు బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. నా చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు.

బెంగళూరులో ఆపరేషన్ చేసి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అది క్యాన్సరేనని, అయితే ఇంకా పొత్తికడుపు దాటి పోలేదని చెప్పారు. మత్తు పూర్తిగా దిగకముందే నేను అక్కను అడిగానట.

"లోపల ఎవురూ లేరు కదక్కా?"

"నువ్వుండావు కదమ్మే," అందట అక్క.

తెలివి వచ్చాక ఆ మాట చెప్పింది. అక్క చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. భయంతో కాదు. ఎవరూ లేని చోటు కోసం ఏడ్చాను.

కీమోలో జుట్టంతా రాలిపోయింది. తర్వాత మళ్ళీ వచ్చింది, ఎప్పుడూ లేనట్టు ఉంగరాలు తిరిగి. ఇప్పుడు పరీక్షలకు బెంగళూరు వెళ్ళేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటాను. గాలికి ఆ ఉంగరాలు మొహం మీద పడుతుంటే మా ఆయన సర్దుతాడు. "వేరే ఎవురో ఆడమనిషి పక్కన కూచున్నట్టుండాదే," అంటాడు, ఎదుటివాళ్ళకు వినపడేట్టు.