ఇసకలో అన్నయ్య ఓడ

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేమీ కావు, నా నెత్తిమీద ఇంకా జుట్టున్న రోజులు) ఏ సైటు సరిగా రాకపోయినా తప్పు ఆ సైటుదేనని గట్టిగా నమ్మేవాణ్ణి. కంచరపాలెంలో మా ఇంటి పాత కంప్యూటరు మీద పెద్ద బ్రౌజర్లేవీ నడిచేవి కావు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి ఊరికే రాసి, ఊరికే పంచిపెట్టే ఓ చిన్న బ్రౌజరు మాత్రం హాయిగా నడిచేది. మా వదిన పెళ్లికి ముందు నుంచీ దానికి పనిచేసేది. నేను ఆవిడ దగ్గర శిష్యరికం చేస్తూ, రెండు లైన్లు సరిదిద్దినంత మాత్రాన బ్రౌజరంతా నేనే కట్టినట్టు వీధిలో తిరిగేవాణ్ణి.

అన్నయ్య సరుకుల ఓడలో పనిచేసేవాడు. ఓడ ఎక్కడుందో మ్యాపు మీద చూపించే సైటు ఒకటుండేది. అమ్మ పొద్దున్నే ప్రార్థన చేసుకుని, కాఫీ తాగే ముందు అది చూసుకునేది. ఓ రోజు ఆ సైటువాళ్లు పేజీ రూపం మార్చేశారు. అమ్మ కేక విని పరుగెత్తాను.

"ఒరే, ఇదేటిరా? అన్నయ్య ఓడ ఇసకలోకెలిపోనాది!"

నిజమే, ఓడ ఎడారి నడుమ ఉంది. (తుఫానుకి ఒడ్డెక్కిన ఓడని చూసిన విశాఖ మనిషికి ఇది నవ్వులాట కాదు.) సముద్రంలో అన్నయ్యకి ఫోను అందదు. నా ఫోనులో అదే పేజీ తెరిచి, ఓడ నీళ్లలోనే ఉందని చూపించాను. "పెద్ద తెర మీద ఇసకలో ఉంటే, సిన్న ఫోన్లో నీళ్లలో ఉందంటే ఎలగ నమ్మీదిరా?" అంది అమ్మ. కాఫీ ముట్టలేదు.

నేను సైటువాళ్లని తిడుతూ మెయిలు రాయబోయాను. వదిన ఆపింది. "అందరికీ నీళ్లలో కనబడి మనకే ఇసకలో కనబడితే తప్పెవరిది బాబూ? ముందు మనల్ని సూసుకుందాం, జరుగు."

ఆవిడ పద్ధతి తలుచుకుంటే నాకిప్పటికీ ముచ్చటే. పేజీకి ఓ నకలు తీసి, అందులోంచి ఒక్కొక్కటీ తీసేస్తూ పోయేది. తీసిన ప్రతిసారీ తప్పు ఇంకా ఉందా అని చూసేది. ఉంటే, తీసేసింది నిర్దోషి అన్నమాట. చేప ముళ్లు తీసేటంత ఓపిక. ప్రకటనలు పోయాయి, మెనూ పోయింది, రంగులు పోయాయి, ఓడ మాత్రం ఇసకలోనే ఉంది. ఆవిడ పొయ్యి మీద పులుసు చూడ్డానికి లేచినప్పుడు, నేనూ ఓ చెయ్యి వేద్దామని ఓ లైను తీసేశాను. ఓడే మాయమైపోయింది. సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చి వెనక నించుంది.

"ఓడేదిరా?"

"తీసేశానమ్మా" అన్నాను, తెలివిగా.

ఆ తరవాత వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. వదిన గరిటెతోనే పరుగెత్తుకొచ్చి, ఓడని తిరిగి పెట్టి, అమ్మని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇది నకలు అత్తమ్మా, అసలుది కాదు. ఇక్కడే ఉండి సూడండి." వచ్చినవాళ్లూ కదల్లేదు. అంతమంది చూస్తుండగా, ఓ చెయ్యి అమ్మ చేతిలో ఉంచి, రెండో చేత్తో టైపు చేస్తూ, వదిన తప్పు పట్టేసింది. ఓడని మ్యాపు అంచు నుంచి కొలిచి పెట్టమని పేజీ చెబుతుంటే, మా బ్రౌజరు మొత్తం పేజీ అంచు నుంచి కొలుస్తోంది. అంతే. కొలత సరిదిద్దింది. (ఆ పాత కంప్యూటరు మీద బ్రౌజరు మళ్లీ తయారయ్యేలోగా పక్కింటావిడ అందరికీ టీ కాచింది, ఆ తరవాత ఉప్మా కూడా చేసింది.) అసలు పేజీ తెరిచాం. ఓడ నీళ్లలోకి దిగింది. అమ్మ కళ్లు తుడుచుకుని కాఫీ అడిగింది. వదిన మాత్రం తెర మీది ఓడని వేలితో ఓసారి ముట్టుకుని, గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడకీ భయమేసి ఉంటుందని అప్పటిదాకా నాకు తోచనేలేదు. అంత భయంలోనూ వణకని ఆ చెయ్యంటే నాకు ఇవాళ్టికీ గౌరవమే.

ఆ బ్రౌజరు వాళ్లకో నియమం ఉంది. ఏ తప్పు దిద్దినా, అది మళ్లీ రాకుండా కాపలాగా ఓ చిన్న పరీక్ష రాసివ్వాలి. వదిన ఓ ఖాళీ పేజీలో సముద్రంలా నీలం పెట్టె, అందులో ఓ చిన్న ఓడ పెట్టి ఇచ్చింది. అన్నయ్య ఆ ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. అయినా ఈ లోకంలో ఎవరు ఆ బ్రౌజరులో ఓ లైను మార్చినా, ఆ మార్పుని ఒప్పుకునే ముందు ఆ ఓడ నీళ్లలోనే ఉందో లేదో చూస్తారు. నేనూ చూస్తాను. ఇంత వయసొచ్చినా, భోంచేసి పడుకున్న అన్నయ్య గురక గోడవతల నుంచి వినబడుతూనే ఉన్నా, ఆ పరీక్ష పాసయ్యేదాకా నాకు కాస్త గుండె దడగానే ఉంటుంది.