గుట్ట మీద నుంచి మిర్చి కల్లం

మా ఇంటికి టీవీ వచ్చిన కొత్తల్ల, ఆదివారం మధ్యాహ్నం ఏది వేస్తే అది చూసేటోళ్లం. భాష వచ్చినా రాకున్నా చూసుడే. మాది బ్లాక్ అండ్ వైట్ డబ్బా. ఖమ్మంల ఇంటర్ చదువుతున్న కాబట్టి ఇంట్ల అందరికీ అర్థం చెప్పే డ్యూటీ నాది. తెలియని చోట కల్పించి చెప్పేదాన్ని. అడిగేటోళ్లు ఎవరున్నరు?

ఆ రోజు ఏదో విదేశపు డాక్యుమెంటరీ వచ్చింది. ఒకామె ఊరంత మందిని వెంటబెట్టుకొని, బోడి గుట్టకు గుట్టనే బట్టతోటి కప్పుతున్నది. తాళ్లు పట్టుకొని పైనుంచి కిందికి విప్పుకుంట వస్తున్నరు. విమానంల నుంచి చూపిస్తే కింద మనుషులు చీమలంత ఉన్నరు. గాలికి ఆ బట్టంత ఒక్కసారి లేచి మెల్లగ పడ్డది. మనుషులు ఇంత పని చెయ్యగలరా అనిపించింది.

"ఏం రంగే అది?" అని అడిగింది అమ్మ. తెర మీద అంత బూడిద రంగే.

"ఎరుపంట."

"అయితే మిర్చి ఆరబోసినట్టే ఉంటది."

నాయన నవ్విండు. "దేనికంట గదంత?"

"దేనికీ కాదు నాయనా, చూసేతందుకే. కొన్ని రోజులుంచి తీసేస్తరంట."

"తిన్నది అరగక," అని తువ్వాల దులుపుకొని లేసిండు.

అమ్మ మాత్రం కదల్లేదు. చివర్ల, ఆ బట్ట కుట్టినోళ్లందరు గుట్టకు ఎదురుంగ నిలబడి చూస్తున్నరు. అందుల ఒక ముసలామె కండ్లు తుడుచుకుంటున్నది. అమ్మ ఆమెనే చూసుకుంట కూసున్నది.

మా మిర్చి అప్పుడు ఊరి బయట, గుట్ట కింద కల్లంల ఎండుతున్నది. కాయ కోసిన కాడినుంచి దాని చాకిరంత అమ్మదే. పొద్దుగూకితే మంచు పడకుండ పట్టాలు కప్పుడు, తెల్లారితే తీసుడు, నడుం వంచి కాయ తిప్పుడు, తెల్లబడ్డ తాలు కాయలు ఏరి పారేసుడు. చేతులు మంటెత్తి అన్నం చెంచాతో తినేది. పట్నం దొరసానమ్మ అని మేం ఎక్కిరించేటోళ్లం. ఆ సాయంత్రం కూలోళ్లు వచ్చి అంత కుప్ప చేసి బస్తాలకెత్తాలె. పొద్దుగూకేసరికి ట్రాక్టర్ మార్కెట్‌కు కదలాలె.

ఎండ తగ్గంగ కల్లం కాడికి పోయినం. కూలోళ్లు గంపలు అందుకుంటుంటే అమ్మ నాయన దగ్గరికి పోయింది.

"ఏమయ్యా, జర ఆగుతవా? గుట్టెక్కి కల్లం చూసొస్త."

"పిచ్చి లేసిందా ఏంది? రోజూ చూసేదేగా."

"రోజూ కాయలు చూసిన. కల్లం ఎన్నడు చూసిన?"

నాయన పొద్దు దిక్కు చూసిండు, ట్రాక్టర్ వచ్చే బాట దిక్కు చూసిండు. ఏమనుకున్నడో ఏమో, "జల్దీ రా మరి," అన్నడు. కూలోళ్లు గంపలు బోర్లించి కూసున్నరు.

నేను గూడ అమ్మ వెంటబడి ఎక్కిన. ఆయాసపడుకుంట పైకి పోయి వెనక్కి తిరిగినం.

గుట్ట మొదలు నుంచి బాట దాక ఎరుపే ఎరుపు. పుట్టినప్పటి సంది ఆ పక్కనుంచే తిరుగుతున్న, నాకు ఎన్నడు అట్ల కనపడలేదు. పక్కోళ్ల కల్లాలల్ల తెల్ల తెల్లగ తాలు చెదిరి ఉన్నది. మాదాంట్ల ఒక్క మచ్చ లేదు. ఒకళ్లు చెప్పే పని లేకుండ మాది ఏదో తెలిసిపోతున్నది. నడుమ ఒక్క చోట మాత్రం మట్టి కనపడుతున్నది, పీటంత. అమ్మ కూసొని తాలు ఏరే జాగ అది.

అక్కడున్న ఒక బండ మీద ఇద్దరం కూసున్నం. అమ్మ కొంగుతో మొఖం తుడుచుకున్నది.

"ఇదంత నేను చేసిందేనా?" అన్నది.

అవ్ అని తలూపిన.

బాట మీద ట్రాక్టర్ దుమ్ము లేసింది. నాయన కిందనుంచి తువ్వాల ఊపుకుంట పిలుస్తుండు. నాయన ఒక్క పిలుపు పిలిస్తే పొయ్యి మీద కూర ఇడిసి ఉరికేది మా అమ్మ. నేను లేచి చెయ్యి అందించిన.

అమ్మ బండ మీద సర్దుకొని కూసున్నది.

"పిలవనీ," అన్నది.