అవ్వ దగ్గర పిల్ల

మొన్న పింఛను పని మీద బ్యాంకుకు వెళ్ళి నడుచుకుంటూ తిరిగి వస్తుంటే, మా వీధి మలుపులోని కల్లు దుకాణానికి తాళం వేసి, దాని మీద లక్క ముద్ర కొట్టి ఉంది. కల్లులో మత్తుమందు కలుపుతున్నారని అధికారులు వచ్చి మూయించారట. దుకాణం ముందు నలుగురైదుగురు మగవాళ్ళు నేల మీద కూలబడి ఉన్నారు. ఒకతని మెడ ఒక పక్కకు లాగుతోంది, ఇంకొకతను ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరితోనో గొడవ పడుతున్నాడు. దారిన పోయే కుర్రకారు నవ్వుకుంటూ ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు నవ్వు రాలేదు సరికదా, ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కాగితం, కలం ముందేసుకున్నాను. చంటిపిల్లను ఇంట్లో వదిలి, ఊళ్ళోవాళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పడానికి బస్సెక్కిన నా ఈడు ఆడవాళ్ళు ఇది చదివి నన్ను తిట్టుకున్నా సరే, కొంతయినా అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో రాస్తున్నాను.

ముప్పయ్యయిదేళ్ళ కిందటి మాట. నాకు టేక్మాల్ బడిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది, కాపురం మాత్రం మెదక్‌లోనే. మా ఆయన చేగుంటలో కరెంటు ఆఫీసులో పనిచేసేవారు. రాత్రి డ్యూటీలు ఉండడంతో అక్కడే ఉండి, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. పిల్లకు అప్పటికి ఏడాదిన్నర. మా అత్తగారు మంచాన పడ్డ మామగారిని విడిచి రాలేరు, మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. ఉద్యోగం మానెయ్యమని మా ఆయన ఎన్నడూ నోరు తెరిచి అనలేదు గాని, పిల్ల తుమ్మినా దగ్గినా ఆయన నా వైపు చూసే చూపులో ఆ మాట ఉండేది. నాకేమో పంతం. లాంతరు ముందు కూర్చుని చదువుకుని, ఊరంతా నవ్వుతున్నా పట్టించుకోకుండా ట్రైనింగు పూర్తిచేసి తెచ్చుకున్న కొలువు అది, దాన్ని వదులుకునే ప్రసక్తే లేదు.

మేం కిరాయికి ఉన్నది ఒకే వాకిలి చుట్టూ నాలుగు గదులున్న ఇల్లు. ఇంటి యజమానురాలిని అందరం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. ఆమె భర్త దర్జీ దుకాణం నడిపేవాడు. వాకిలికి అటు పక్క గదిలో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఆమె అసలు పేరు ఏమిటో నేను ఎప్పుడూ అడగలేదు, అవ్వ అంటే అవ్వే. చూపు ఆనినన్నాళ్ళు బీడీలు చుట్టి బతికింది, చూపు తగ్గాక అల్లుడు పంపే బియ్యంతో నెట్టుకొస్తోంది. పిల్లను ఎవరి దగ్గర వదలాలా అని నేను తల పట్టుకుని కూర్చున్న రోజుల్లో తనే వచ్చి పిల్లను చంకనేసుకుంది. "నేను లేనా బిడ్డా, నువ్వు పైలంగ పోయిరా" అంది. జీతం మాట ఎత్తితే కోప్పడింది. పండక్కి ఒక చీర, రోజూ రెండు పూటలా మా ఇంట్లో వండిన కూర, అంతే ఆమెకు నేను ముట్టజెప్పింది.

మొదటి నెలా రెండు నెలలూ నరకమే. నేను చీర మార్చుకుంటున్నానంటే చాలు పిల్లకు తెలిసిపోయేది. నా కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడేది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, అవ్వ చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా బస్టాండుకు పరుగెత్తేదాన్ని. బస్సు ఊరు దాటేదాకా ఆ ఏడుపు చెవుల్లోనే ఉండేది. బడిలో ఎక్కాలు చెప్పిస్తూ చెప్పిస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఆ తర్వాత, ఎండలు మొదలైన రోజుల్లో అనుకుంటాను, పిల్ల ఏడవడం మానేసింది. నేను సాయంత్రం ఇల్లు చేరేసరికి అవ్వ ఒళ్ళో హాయిగా నిద్రపోతూ ఉండేది. లేపినా లేచేది కాదు. నేను వంట చేసుకుని, పరీక్ష పేపర్లు దిద్దుకుని, మర్నాటికి పాఠం రాసుకుని కూడా తీరికగా ఉండేదాన్ని. అవ్వ చేతిలో ఏదో మహిమ ఉందని స్టాఫ్ రూములో గొప్పలు చెప్పుకున్నాను. చంటిపిల్లలతో సతమతమయ్యే తోటి టీచర్లు నా అదృష్టానికి కుళ్ళుకుంటుంటే నాకు లోపల ఎంత సంతోషమో. పిల్ల మాటలు ఆలస్యమయ్యాయి, వచ్చిన ఆ ఒక్క మాట కూడా అమ్మ కాదు, అవ్వ. దానికి కొంచెం నొచ్చుకున్నాను గాని, ఆ నిద్ర ఇచ్చిన వెసులుబాటు ముందు అదేమంత పెద్ద బాధ కాదు.

ఖాలా మాత్రం ఒకసారి అడిగింది. "టీచరమ్మా, బచ్చీ దినమంత గిట్లనే పండుకుంటది. జర డాక్టర్‌కు చూపియ్యుండ్రి" అంది. వాకిట్లో ఏం జరిగినా ఆమెకు కావాలి అనుకుని మొహం ముడుచుకున్నాను.

అదే సంవత్సరం నా రెండో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ముందు వరసలో కూర్చునేది, పలక మీద తల పెట్టి నిద్రపోయేది. నేను ఆ పిల్లను బెంచీ ఎక్కించాను, అరచేతి మీద స్కేలుతో కొట్టాను, మొద్దు నిద్ర అని నలుగురిలో పేరు పెట్టాను. కొట్టినప్పుడు కూడా అది పెద్దగా ఏడ్చేది కాదు, మసక కళ్ళతో నన్ను చూసి అరచెయ్యి పావడాకు రుద్దుకునేది. పగలంతా నిద్రపోయే పిల్ల ఇంట్లో ఉంటే అదృష్టం, బడిలో ఉంటే నేరం. ఈ రెండూ ఒకటే కావచ్చునని, పిల్లల మనస్తత్వం మీద పరీక్షలు రాసి పాసైన ఈ టీచరుకు తట్టనే లేదు.

వేసవి సెలవులకు ఇంకో పది రోజులుందనగా ఊళ్ళో కల్లు దుకాణాలు మూతపడ్డాయి. అప్పుడూ ఇదే కారణం. మందు కల్లు అని అందరికీ తెలిసిన సంగతే. అది నా ఇంటికి సంబంధించిన వార్త అని నేననుకోలేదు. మొదటి రోజు పిల్ల ఊరికే చిరాకు పడింది, అన్నం ఉమ్మేసింది. రెండో రోజు ఏడుపు ఆపలేదు. మూడో రోజు పొద్దున నేను జడ వేసుకుంటుంటే పిల్ల చేతులు వణకడం చూశాను. చూస్తుండగానే కళ్ళు తేలేసి, ఒళ్ళంతా కొయ్యబారి, మూతి పక్కకు లాగేసింది. నా కేకకు ఖాలా పరుగెత్తుకొచ్చింది. అవ్వ కూడా వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి, ఏ దాపరికమూ లేకుండా, జ్వరం సంగతి చెప్పినట్టు చెప్పింది.

"మూడు దినాల సంది దానికి కల్లు దొర్కలే బిడ్డా, గందుకే గిట్లయింది. నాకే దొర్కలే, దానికేడికెల్లి తేవాలె."

రోజూ పొద్దున ఒక చిన్న గిలాసతో తాగించేదట. ఒంటికి చలువ చేస్తుందనీ, పిల్ల బెంగ పెట్టుకోకుండా ఉంటుందనీ. తన పిల్లలందరికీ అలాగే తాగించిందట. నేను ఆమెను ఏమన్నానో గుర్తులేదు. పిల్లను భుజాన వేసుకుని, ఖాలా తోడు రాగా, రిక్షాలో సర్కారు దవాఖానకు వెళ్ళాను.

డాక్టరు మా జిల్లా మనిషే. ఇలాంటి కేసులు ఆ వారంలో చాలా చూసినట్టున్నాడు. సూది వేసి, మంచం మీద పడుకోబెట్టి, నన్ను ఒక్క మాట కూడా నిందించకుండా అన్నీ అడిగాడు. పిల్ల తేరుకున్నాక నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "తాపినామె కూడ తాగుతది గదా. ఆమెను గూడ తోలుకరండ్రి. ఒక్కసారే బందయితే ముసలోళ్ళకు పానం మీదికొస్తది." నేను అలాగే అని తలూపాను. అక్కడ నాలుగు రోజులున్నాం. చేగుంట నుంచి మా ఆయన వచ్చారు. రాత్రంతా పిల్ల పక్కన కూర్చుని విసనకర్రతో విసిరారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఈనాటికీ అనుకుంటాను.

ఇంటికి వచ్చేసరికి అవ్వ మా గడప దగ్గరే కూర్చుని ఉంది. నాలుగు రోజుల్లో మనిషి సగమైంది, తల ఊగుతోంది, చేతులు నిలవడం లేదు. "పిల్ల ఎట్లుంది బిడ్డా, ఒక్కసారి సూపియ్యరాదు" అని ఆ చేతులు చాచింది. పిల్ల కూడా నా భుజం మీంచి ఆమె వైపు ఒరిగింది. ఆ ఒరగడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. "నా పిల్లను చంపుతుంటివి గదా, ఇగ మా గడప తొక్కకు" అని ఆమె మొహం మీదే తలుపు వేశాను.

మర్నాడు కిటికీలోంచి చూశాను. అవ్వ తన గది ముందు కాళ్ళు బారజాపుకుని కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట లేదు, ఆకు లేదు, తంబాకు లేదు. ఉత్త చేతులతో ఆకు కత్తిరిస్తోంది, తంబాకు పోస్తోంది, చుడుతోంది, దారం కడుతోంది, కట్టినదాన్ని పక్కన పేరుస్తోంది. మధ్యమధ్య ఎవరినో, బహుశా ఎప్పుడో పోయిన భర్తనేమో, ఇంకా కట్టలు కాలేదని బతిమాలుతోంది. అది దేని గుర్తో నాకు తెలుసు. ఆ వాకిట్లో ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే; డాక్టరు నాతో మాట్లాడేటప్పుడు ఖాలా పిల్ల దగ్గర ఉంది. దవాఖాన అర మైలు కూడా లేదు. రిక్షా పిలవడానికి నేను గడప దాటనక్కర్లేదు, ఖాలాను ఒక్క కేక వేస్తే చాలు. నేను కిటికీ రెక్క మూసి పిల్లకు జావ తాగించాను. తగిన శాస్తే జరిగిందనుకున్నాను. అవును, సరిగ్గా ఆ మాటలే అనుకున్నాను.

ఆ తర్వాతి రోజు మిట్టమధ్యాహ్నం అవ్వ ఎప్పుడు బయటికి వెళ్ళిందో ఎవరూ చూడలేదు. మండుటెండలో నడుచుకుంటూ పోయి, తాళం వేసిన దుకాణం తలుపు తడుతూ తడుతూ అక్కడే పడిపోయిందట. మనుషులు మంచం మీద మోసుకొచ్చేసరికి ప్రాణం లేదు. ఎండదెబ్బ అన్నారు అందరూ. అల్లుడు వచ్చి నన్ను అడిగాడు, "ఏమయింది టీచరమ్మా, మంచిగనే ఉండె గదా" అని. ఎండదెబ్బే అని నేనూ అన్నాను.

బడి తెరిచేసరికి కల్లు దుకాణాలు కూడా మళ్ళీ తెరుచుకున్నాయి. పలక మీద నిద్రపోయే ఆ రెండో తరగతి అమ్మాయి తల్లిని పిలిపించాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని, పిల్లకు కల్లు తాగించడం గురించి, ఒక్కసారిగా ఆపకుండా దవాఖానకు తీసుకెళ్ళడం గురించి గంటసేపు ఓపికగా చెప్పాను. ఆమె ఏడ్చింది, నా మాట విన్నది, ఆ పిల్ల బాగుపడింది. తర్వాత నా సర్వీసంతా ఇలా ఎందరు తల్లులకు చెప్పానో లెక్కలేదు. మంచి టీచరమ్మ అని పేరొచ్చింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళకు అంత ఓపికగా చెప్పగలిగిన మాట, నా పిల్లను నెలల తరబడి ఒళ్ళో పెట్టుకున్న మనిషి కోసం నా నోట రాలేదు. నన్ను వాకిలి దాటి ఆమె దగ్గరికి పోనివ్వని ఆ కోపంలో సగం నా మీద నాకున్నదేనని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పిల్ల చాలా రోజులు అవ్వ గది తలుపు ముందు నిలబడి పిలిచేది. తాళం పట్టుకుని లాగేది. చూడలేక ఇల్లు మార్చేశాం. దానికి మూడేళ్ళు దాటాక ఆ పిలుపూ మరిచిపోయింది, ఇప్పుడు దానికి అవ్వ మొహం కూడా గుర్తులేదు.

ఇప్పుడు అదీ టీచరే, హైదరాబాదులో. దాని కొడుకును ఏసీ గదులున్న ప్లేస్కూల్లో వదిలి, మధ్యాహ్నం ఫోనులో కెమెరా పెట్టుకుని వాడు ఏం తింటున్నాడో, ఎంతసేపు పడుకున్నాడో చూసుకుంటుంది. అక్కడి ఆయాలు రెండు నెలలకొకరు మారతారు, ఎవరి పేరూ వీళ్ళకు తెలియదు. ఒకోసారి అలసిపోయి ఫోన్లో అంటుంది, మీ కాలమే నయమమ్మా, ఇరుగుపొరుగు వాళ్ళే సొంత మనుషుల్లా పిల్లల్ని పెంచిపెట్టేవాళ్ళు కదా అని. నిజమే, పెంచిపెట్టేవాళ్ళు అంటాను. ఆ ఇరుగుపొరుగుకు మేం ఏం చేశామని అది అడగదు. అడగకముందే నేను బాబు తిన్నాడా అని మాట మారుస్తాను.