ల్యాప్‌టాప్‌ను తూర్పారబట్టిన కథ

మంచిగున్న ల్యాప్‌టాప్‌ను బాగుచేసి ఎట్ల కరాబు చెయ్యాల్నో నేర్చుకోవాలంటే పెద్దపల్లి పక్కన మా ఇంటికి రాండ్రి. జర దూరంగ కూసోండ్రి, గీ కథల గాలి దుమారం ఉన్నది.

డిగ్రీల ఉన్నప్పటి ముచ్చట. నలుగురం కలిసి ఆన్‌లైన్ల తుపాకుల ఆట ఆడుతుంటిమి. కెప్టెన్ నేనే. నన్నెవరూ పెట్టలే, నేనే అయిన. అంతకుముందటి ఏడాది పోటీల జైనూర్ పోరగాండ్లు మమ్ముల చిత్తుచిత్తు ఓడగొట్టి, వారం దినాలు ఫోన్లు చేసి నవ్విండ్రు. ఈసారి ఫైనల్ మళ్ల వాళ్లతోనే. ఓడితే మొకం ఏడ పెట్టుకోవాలె?

అందుకే ల్యాప్‌టాప్‌కు ప్రాసెసర్ మార్చిన. పాత మోడల్, ఊడదీసి ఇంకోటి పెట్టచ్చు. కరీంనగర్ల రిపేర్ దుకాణమాయన చెప్పనే చెప్పిండు.

"తమ్మీ, గిది ఎక్కువ వేడెక్కుతది. నేను పెడత తీ."

"నాకు రాదా అన్నా? వీడియో సూసిన."

"మొత్తం సూసినవా?"

"సగం."

సగం సూసినోనికి ధైర్యం నిండుగుంటది. పెట్టిన. ఫైనల్‌కు ముందు ప్రాక్టీస్ ఆట మొదలైంది. పది నిమిషాలకు ల్యాప్‌టాప్ మీద జొన్నరొట్టె కాల్చచ్చు. తెర మీద నా సిపాయి బురద మడిల దిగినోని లెక్క అడుగు తీసి అడుగేస్తుండు.

మంథనిల ఉండే స్వప్న, మా చిన్నమ్మ బిడ్డ, హెడ్‌ఫోన్ల మొత్తుకుంటున్నది. "అన్నా, ఉరుకు! కాలుస్తుండ్రు!"

"నేను కాదే, ల్యాప్‌టాప్ ఉరుకుతలేదు!"

గప్పటిసంది అదే నా జవాబు. సచ్చినా ల్యాప్‌టాపే, గురి తప్పినా ల్యాప్‌టాపే.

మరి నేను ఇడిసిపెట్టే రకమా? ఆటల బొమ్మల నాణ్యత తగ్గించిన. కిందికెల్లి గాలాడాలని రెండు ఇటుకలు పెట్టిన. టేబుల్ ఫ్యాన్ పెట్టిన. తడి తువ్వాల పరిస్తే అవ్వ గుంజుకపోయింది. "కరెంటు సామాను మీద తడిబట్టనా? సస్తవురా!"

ఫైనల్ నాడు మొదటి రౌండ్ ఓడిపోయినం. ఇంకా రెండున్నయి, రెండూ గెలవాలె. గప్పుడే నా కండ్లు వాకిట్ల వడ్లు తూర్పారబట్టే ఇనుప ఫ్యాన్ మీద పడ్డయి. యాసంగి కోతల కాలం. దాన్ని ఈడ్చుకొచ్చి, కిటికీ కాడ పెట్టి, ఇంట్ల ప్లగ్గుకు తగిలిచ్చిన.

బాపు ఆగి సూసిండు. "ఏందిరా, ల్యాప్‌టాప్ల తాలు ఎక్కువైందా?"

"ఫైనల్ బాపు! ఇజ్జత్ కా సవాల్!"

స్విచ్ ఏసిన. అబ్బబ్బ! క్యాలెండర్ ఎగిరింది, దండెం మీది చీరెలు ఎగిరినయి, ఫ్యాన్‌కు అంటుకున్న తాలంత నా నోట్లకొచ్చింది. ఆట మాత్రం మస్తు ఉరికింది! ఒక్కటే నిమిషం. టప్పుమని ఫ్యూజు కొట్టేసింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ సచ్చి ఏడాదాయె, తెర నల్లబడ్డది.

"కొడుకా," అన్నడు బాపు ఫ్యూజు తీగ ఎతుక్కుంట, "గా ఫ్యాన్‌ను ఇంటి లైనుకు పెట్టెటోన్ని నిన్నే సూస్తున్నర."

నేను ఊరికె కూసుంటనా? గాలోపు ల్యాప్‌టాప్ స్క్రూలు ఇప్పిన. ప్రాసెసర్‌తోటి కొన్న, దాని వేడిని గుంజే కొత్త రాగిపట్టీ తీసి సూస్తే, కొత్త సామానుకు అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ కవర్ అట్లనే ఉన్నది! పెట్టిన్నాడు సూసిన. కావాలనే తియ్యలే. మా ఇంట్ల ఎనిమిదేండ్ల ఫ్రిజ్జుకు ఇంకా కవరున్నది, సోఫాకున్నది, రిమోట్‌కున్నది. కవర్ తీస్తే పాతగైతదని పుట్టిన కాడికెల్లి నేర్పిరి. రాగికి మరకలు పడొద్దని నేనూ గదే జాగ్రత్త పడ్డ. ఇగ వేడి ఏడికెల్లి పోతది, నా మొకం!

పీకి పారేసిన. వేడి గుంజే పేస్టు రాసి బిగించిన. కరెంటొచ్చింది. ల్యాప్‌టాప్ చల్లగ, కుండనీళ్ల లెక్కున్నది. మూడో రౌండ్ మొదలైతుంటే జొర్రిన.

"నేనొచ్చిన! రెండోది ఏమైంది?"

"గెలిచినమన్నా! ముగ్గురమే గెలిచినం!" స్వప్న ఎగురుతున్నది.

"ఇగ సూడుండ్రి నా తడాఖా!"

మొట్టమొదలు నేనే సచ్చిన. నన్ను బతికియ్యనీకి వచ్చి ఇంకో ఇద్దరు సచ్చిండ్రు. స్వప్న ఒక్కతి ఎంతసేపు ఆపుతది? కప్పు జైనూర్ పోయింది.

నాకు నిజంగనే ఏడుపొచ్చింది.

"అన్నా," అన్నది స్వప్న నిమ్మళంగ, "ల్యాప్‌టాప్ వేడెక్కిందా?"

"లే."

"ఆట ఆగిందా?"

"లే. మస్తు ఉరికింది."

"మరి?"

ఆడరానోడు మద్దెల ఓడన్నడట. నేను నా మద్దెలను నా చేతులతోనే బాగుచేసుకుంటి.

గోదారి తల్లి మీద ఒట్టు, ఇగ జన్మల ఓడినా ప్రాసెసర్‌ను ఒక్క మాట అన. గా దినం నెట్టు స్లో ఉండె, గంతే.