బాతుల ముందు లూము సైగలు

నీలం నగర్‌లో మాకు మెల్లగా మాట్లాడటం రాదు. చుట్టూ షెడ్లలో మరమగ్గాలు, మా మాటలో లూములు, ఆడుతుంటే ఇంట్లో ఉప్పు కావాలన్నా అరవాల్సిందే. నా గొంతు వాడలో అందరికంటే పెద్దది. నా మాటే పైన ఉండాలన్న పట్టుదలా అంతే.

చలికాలం హిప్పరగా చెరువుకు వచ్చే పెద్ద బాతులు ఎండలు ముదిరేలోపే ఉత్తరానికి వెళ్లిపోతాయి. వాటి తల వెనక రెండు నల్ల చారలుంటాయని మా ఆవిడకు బీడీలు చుట్టేచోట ఎవరో చెప్పారట. చూపించమని తను ఏటా అడిగేది, నేను ఏటా రేపనేవాణ్ణి. ఈసారి సగం మంద వెళ్లిపోయిందని విని సిగ్గేసింది. లూములు బందున్న రోజు చూసి పొద్దున్నే బండి తీశాను.

నీళ్లు వెనక్కి తగ్గిన మేర లేత గడ్డి మొలిచింది. బాతులు అందులో నడుస్తూ గడ్డి కొరుకుతున్నాయి. ఒకటి రెండు మాత్రం మెడలెత్తి కాపలా కాస్తున్నాయి.

"అగో, అటు జూడు," అన్నాను, నా మామూలు గొంతుతోనే.

మంద మొత్తం లేచి చెరువు నడిమికి పోయి వాలింది. ఆవిడ చూసింది తోకలే.

"లూములు బందైనయి గని నీ నోరు బంద్ గాలె," అంది.

దగ్గరికి రప్పిస్తానని గొప్పగా ఇంటినుంచి తెచ్చిన జొన్నలు ఒడ్డున చల్లాను. ఇంకాస్త ముందుకు పోబోతే ఆవిడ చొక్కా పట్టి లాగింది.

"దూరం పోయేటియి. కడుపు నిండకముందే మేత ఇడిసిపెడ్తయా? కూసో."

తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. నేను నోరు తెరవబోయినప్పుడల్లా ఆవిడ అరచేయి కిందికి ఆడించేది. షెడ్డు చప్పుడులో మాట వినపడక, లూము ఆపమని మేం చేసుకునే సైగ అది. ఇన్నేళ్లు షెడ్డుకొచ్చి నాకు టిఫిన్ డబ్బా అందిస్తూ మా సైగలన్నీ నేర్చుకుందని అప్పుడే గమనించాను.

చాలాసేపటికి ఒక బాతు ఈదుకుంటూ ఒడ్డెక్కింది. దాని వెనక మిగతావి. నేను చల్లిన జొన్నల వైపు ఒక్కటీ రాలేదు. వదిలిపోయిన గడ్డి దగ్గరికే వెళ్లి, ఆగిన చోటునుంచే మేత మొదలుపెట్టాయి. ఆవిడ నావైపు తిరగకుండానే రెండు వేళ్లు తల వెనక అడ్డంగా పెట్టి చూపింది. చారలు కనిపించాయన్నమాట.

పోగు తెగితే, తప్పు నాదేనని ఛాతీమీద చెయ్యి పెట్టుకోవడం మా షెడ్డులో అలవాటు. పెట్టుకున్నాను. ఆవిడ బాతుల్నే చూస్తోంది.

ఆవిణ్ణి పిలిచి నా సైగ చూపిద్దామనిపించింది. నోరు మూసుకుని, చెయ్యి అక్కడే ఉంచి కూర్చున్నాను.