ఎర్రగా వేయించిన సోయా

చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర మా అన్నకు చిన్న దాణా దుకాణం ఉంది. అంతకుముందు అదే జాగలో పల్లీలు వేయించి అమ్మేవాడు. ఆ భట్టీ, ఆ తిరిగే డ్రమ్ము అలాగే ఉన్నాయి. ఇప్పుడు వాటిలో సోయా గింజలు వేయించి, పిండి పట్టించి, మక్కపిండిలో కలిపి కోడిపిల్లల దాణాగా అమ్ముతున్నాడు. చిక్కంతా అక్కడే. పల్లీని ఎలా వేయించేవాడో సోయానూ అలాగే వేయిస్తాడు, ఎర్రబడి గల్లీ చివరిదాకా వాసన కొట్టేవరకు. గిరాకీ రాగానే సంచి మూతి విప్పి ముక్కు దగ్గర పెడతాడు. "ఖుష్బూ దేఖో భాయ్!"

నా బడి పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చిందంతా గ్రంథాలయం బల్ల మీద, పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చిందే. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వం. కోళ్ల మేత గురించిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం అక్కడే దొరికింది. పచ్చి సోయాలో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థం ఉంటుంది, వేడి తగిలితే అది పోతుంది. అందుకే వేయించాలి. కానీ వేడి మితిమీరితే, కోడిపిల్ల ఎదగడానికి కావలసిన, మాంసకృత్తుల్లో ఉండే లైసిన్ గింజలోని చక్కెరతో ముడిపడిపోతుంది. కోడి తింటుంది, ఒంటికి పట్టదు. మనకు కమ్మగా తోచే ఆ ఎరుపు ఆ ముడి వల్ల వచ్చేదే.

జహనుమాలో మా వెనక గల్లీ పెద్దమ్మ అన్న దగ్గరే దాణా కొంటుంది. పాలు పితికే శక్తి తగ్గి బర్రెలను అమ్మేసి, ఆ కొట్టంలోనే కోడిపిల్లలను పెంచుతోంది. ఆమెకు వేరే ఆధారం లేదు.

"తింటున్నయ్ బిడ్డా, గని ఒళ్లు గుప్పెడు దాటుతలేదు" అంది ఒకరోజు.

నేరుగా దుకాణానికి వెళ్లాను.

"అగో, లైబ్రరీ సాబ్ వచ్చిండు" అన్నాడు అన్న.

"అన్నా, సోయా మాడుతున్నది. పెద్దమ్మ పిల్లలు అందుకే పెరుగుతలేవు."

"ల్యాబుల చూపిచ్చినరా. ప్రోటీన్ గంతే ఉన్నదన్నరు."

"ఎంత ఉన్నదో ల్యాబు చెప్తది. ఎంత అరుగుతదో చెప్పదు."

"నువ్వు కోడి కడుపుల దూరి చూసొచ్చినవా?"

దుకాణంలో ఉన్నవాళ్లందరూ నవ్వారు.

వదినను బతిమాలాను. మేడ మీద ఆమె పెంచే కోడిపిల్లలను రెండు గంపల కింద విడదీశాం. బంగారు రంగుకు రాగానే డ్రమ్ములోంచి తీసిన సోయాను ఒక గంపకు, ఎర్రదాన్ని రెండో గంపకు పెట్టాం. కొన్ని వారాలకే తేడా కంటికి కనబడింది. అన్న మేడెక్కి చూశాడు. మర్నాటి నుంచి రెండు గంపలకూ లేతరంగు దాణానే వచ్చింది.

గెలిచాననుకుని దుకాణానికి వెళ్తే, డ్రమ్ములోంచి అదే మాడు వాసన.

"గిదేందన్నా?"

"గది ఇంటికి, గిది గిరాకికి. తెల్లగుంటే కచ్చా అంటరు, సంచి వాపస్ ఇస్తరు. నీ పుస్తకం నువ్వే చదివి వినిపిస్తవా వాళ్లకు?"

ఇంటి సంచి ఒకటి భుజాన వేసుకుని పెద్దమ్మ దగ్గరికి పోయాను. గుప్పెడు తీసి వాసన చూసింది.

"గిది వేగనే లేదు బిడ్డా."

లైసిన్ గురించి చెప్పాను. చక్కెర ముడి గురించి చెప్పాను. చివరికి మా మేడ మీది పిల్లనొకదాన్ని తెచ్చి ఆమె పిల్ల పక్కన నిలబెట్టాను. రెండూ ఒకే రోజు, ఒకే బండి దగ్గర కొన్నవి. ఆమె పిల్ల మా పిల్లలో సగం లేదు.

రెండింటినీ చేతుల్లోకి ఎత్తి చూసింది. "మీది జాతి వేరే గావచ్చు" అంది.

సంచి మూతి మళ్లీ కట్టి అక్కడే వదిలేసి వచ్చాను. తెల్లారేసరికి అది మా గడప ముందుంది, కట్టు కూడా విప్పలేదు.

సాయంత్రం అన్న నవ్వుతూ వచ్చాడు. "పెద్దమ్మ వచ్చిపోయిందిరా. ఈసారి వేరే జాతి పిల్లలను తెస్తదట. నువ్విచ్చిన కచ్చా సరుకు ఎక్కడ కలుస్తదోనని ఫికర్ ఆమెకు. తన సంచి ఇంకింత ఎర్రగ వేయించుమన్నది."

"వేయించకు అన్నా."

"అడిగినంక వేయించకుంటే ఎట్లరా?"

మర్నాడు పొద్దున నేను దుకాణానికి వెళ్లేసరికి భట్టీ రాజుకుని ఉంది.